మూత్రం ఎర్రబడితే భయపడకండి - మందు మాత్రం ఆపకండి

క్షయకు మందు మొదలుపెట్టిన రోజునే కొందరు హడలిపోతారు. మూత్రం నారింజరంగులో వస్తుంది. చెమట, కన్నీరు, ఉమ్మి కూడా ఆ రంగుకు తిరగవచ్చు. "రక్తం పడుతోంది డాక్టరుగారూ!" అంటూ పరుగెత్తుకొచ్చేవారూ ఉన్నారు. అది రక్తం కాదు. రిఫాంపిసిన్ అనే మందుకు సహజంగా ఉన్న రంగు. దానికి భయపడనక్కర్లేదు.

భయపడవలసింది మరొకటి ఉంది. రెండు నెలలు తిరిగేసరికి దగ్గు తగ్గుతుంది, ఒళ్లు తేరుకుంటుంది. "ఇంకా మందులెందుకు?" అనిపిస్తుంది. ఎందుకో తెలియాలంటే ఈ మందు చేసే పని కాస్త తెలుసుకోవాలి.

క్షయ క్రిమి బతకడానికి కావలసిన వివరమంతా దాని డి.ఎన్.ఎ.లో రాసి ఉంటుంది. అది అసలు దస్తావేజు. పని జరగాలంటే కావలసిన భాగానికి నకలు తీయాలి. ఆ నకలే ఆర్.ఎన్.ఎ. దాన్ని తీసే గుమాస్తా ఆర్.ఎన్.ఎ. పాలిమరేజ్ అనే ఎంజైము. నకలు లేనిదే మాంసకృత్తులు తయారు కావు. అవి లేనిదే క్రిమికి బతుకు లేదు.

ఈ ఎంజైము రెండు ఆల్ఫాలు, బీటా, బీటా ప్రైమ్, ఒమేగా అనే అయిదు భాగాల కూడిక. నకలు ఎక్కడ మొదలుపెట్టాలో చూపడానికి సిగ్మా అనే ఆరోది వచ్చి చేరుతుంది. ఆకారం పీతడెక్కలా ఉంటుంది. డెక్క నడుమ డి.ఎన్.ఎ. ఇమిడి ఉంటే, తయారైన ఆర్.ఎన్.ఎ. పోగు ఒక సన్నని దారిన బయటికొస్తుంది. రిఫాంపిసిన్ సరిగ్గా ఆ దారిలో, బీటా భాగంలోని చిన్న గుంటలో కూర్చుంటుంది. పోగు రెండు మూడు అక్షరాలు పెరిగేసరికి మందుకు తగిలి ఆగిపోతుంది. వేడినీటి బుగ్గల్లో బతికే ఒక బాక్టీరియా ఎంజైమును స్ఫటికంగా మార్చి, 2001లో శాస్త్రజ్ఞులు ఈ సంగతి కళ్లకు కట్టినట్లు చూపారు. మన కణాల్లోని ఎంజైము నిర్మాణం వేరు కాబట్టి మనకా దెబ్బ తగలదు.

అయితే క్రిములు పెరిగేటప్పుడు అప్పుడప్పుడు ఒక అక్షరం తప్పు పడుతుంది. ఆ తప్పు గుంటకు సంబంధించిన చోట పడితే గుంట ఆకారం మారి, మందు అందులో కూర్చోలేదు. సుమారు పది కోట్ల క్రిముల్లో ఒకదానికి ఇలా జరగవచ్చు. ఊపిరితిత్తిలో గుల్లబారిన చోట అన్ని క్రిములూ ఉండగలవు. అందుకే ఈ మందును ఒంటరిగా ఇవ్వరు. మామూలు క్షయకు మొదటి రెండు నెలలు ఐసోనియాజిడ్, పైరజినమైడ్, ఇథాంబ్యుటాల్ తోడుగా ఇస్తారు. తరువాత నాలుగు నెలలు పైరజినమైడ్ తీసేసి మిగిలిన మూడూ వాడతారు. ఒకదానికి లొంగని క్రిమి మరొకదానికి చిక్కుతుంది.

మధ్యలో ఆపడం, మళ్లీ మొదలుపెట్టడం చేస్తే మొండి క్రిములకు మీరే చోటిచ్చినట్లు. అవి మీతోనే ఆగవు. మీ పక్కన పడుకునే పసివాడికి అంటుకునేదీ ఆ మొండి క్రిమే. తెమడలో అవి ఉన్నాయేమో సీబీనాట్ పరీక్షలో సుమారు రెండు గంటల్లో తెలుస్తుంది. ఆ గుంటకు సంబంధించిన 81 అక్షరాలనే అది తరచి చూస్తుంది.

కొన్ని జాగ్రత్తలు గుర్తుంచుకోండి. ఈ మందు పరగడుపున, టిఫినుకు గంట ముందు వేసుకోవడం మంచిది. కడుపులో తిప్పితే మీ అంతట మీరు మానేయకండి, డాక్టరుకు చెప్పండి. కళ్లు పచ్చబడినా, వాంతులు ఆగకపోయినా, అన్నం బొత్తిగా సహించకపోయినా కాలేయం దెబ్బతింటోందేమో చూడాలి. ఆ రోజే డాక్టరు దగ్గరికి వెళ్లండి. సారా, బ్రాందీల జోలికి పోవద్దు. గర్భనిరోధక మాత్రలు వాడే స్త్రీలకు ఆ మాత్రలు సరిగ్గా పనిచేయవు. వేరే పద్ధతి అడిగి తెలుసుకోండి. మధుమేహానికో, రక్తం పలచబడటానికో మందులు వాడుతుంటే ముందే చెప్పండి.

ప్రభుత్వాసుపత్రిలో క్షయ మందులు ఉచితం. దగ్గు తగ్గడం జబ్బు తగ్గడం కాదు. ఇక చాలు అని చెప్పవలసింది మీ దగ్గు కాదు, మీ డాక్టరు.