రహీం సాహెబ్ తయారుచేసిన కుర్రాళ్లు

పేరున్న ఆటగాణ్ణి డబ్బిచ్చి తెచ్చుకోవచ్చు. మన బస్తీ పిల్లవాణ్ణే చిన్నప్పుడు చేరదీసి ఆటగాణ్ణి చేయడానికి ఏళ్లు పడుతుంది. ఫుట్‌బాల్ అకాడమీల పని అదే. ఆ మాట ఇక్కడ వినబడక ముందే హైదరాబాద్‌లో ఆ పని జరిగింది.

ఉపాధ్యాయుడైన జనాబ్ సయ్యద్ అబ్దుల్ రహీం సాహెబ్ 1950లో సిటీ పోలీస్ జట్టు శిక్షణ చేపట్టారు. 1954 దాకా వరుసగా 5 సార్లు రోవర్స్ కప్ ఆ జట్టుదే. కుర్రాళ్లకు ఆయన పెట్టిన పోటీలు చిత్రమైనవి. ఒకదానిలో డ్రిబ్లింగ్ చేయకూడదు, ఇంకొకదానిలో వాటం లేని కాలితోనే తన్నాలి. ఎడమకాలు మొండికేసే పిల్లవాడికి అంతకన్నా మంచి మందు ఏముంది!

సికింద్రాబాద్ దగ్గరి అమ్ముగూడ పేదింటి కుర్రాడు తులసీదాస్ బలరాం ఆయన కంటబడ్డారు. 1956, 1960 ఒలింపిక్స్‌లో ఆడారు. 1962లో జకార్తా ఆసియా క్రీడల్లో బంగారు పతకం గెలిచిన జట్టులోనూ ఉన్నారు.

మేము చూసినంతలో, టోర్నమెంటు కప్పుకు ఇచ్చినంత సంతోషంగా బస్ పాసుకు ఎవరూ ఇవ్వరు. రోజూ దారి ఖర్చు, బూట్లు, ఆట అయ్యాక ఒక గుడ్డు, గ్లాసు పాలు: పిల్లలు ఆట మానేసేది వీటి దగ్గరే. అదీ పద్నాలుగు పదిహేనేళ్లకు, ఇంట్లోవాళ్లు ఏదో దుకాణంలో పనికి కుదిర్చే వేళకు.