మిర్చి బజ్జి పుట్టిల్లెక్కడ?



ఈ పూట ఎరువుల మోతాదులు చెప్పబోవడం లేదు, పురుగుమందు పేర్లూ చెప్పబోవడం లేదు. మిర్చి బజ్జి గురించి చెప్పబోతున్నాను. నవ్వకండి. తిరిగి తిరిగి ఈ మాట మీ చేను గట్టు మీదికే వస్తుంది.

మొన్న మా మండలం రైతులు ఇరవై మందిని పటాన్‌చెరులోని ఇక్రిశాట్ క్షేత్రం చూపించడానికి తీసుకొచ్చాము. చూడడం అయిపోయాక కూకట్‌పల్లి, ఎర్రగడ్డల మీదుగా పట్నంలోకి వస్తూ అమీర్‌పేటలో బస్సు ఆపవలసి వచ్చింది. మాతో వచ్చినవారిలో తండా నుంచి ఒక పెద్దాయన ఉన్నాడు. ఆయన మనవడు అమీర్‌పేటలోనే కంప్యూటరు కోర్సు నేర్చుకుంటున్నాడు. ఆ సందుల్లో ఎక్కడ చూసినా కోర్సుల బోర్డులే గదా. కుర్రవాడు రాగానే తాతను కౌగిలించుకొని, మా అందరికీ బండి దగ్గర మిర్చి బజ్జీలు ఇప్పించాడు.

పెద్దాయన మాత్రం బజ్జి చేత పట్టుకొని పంజాగుట్ట వైపు చూస్తున్నాడు. "ఆ పక్కన ఉండేది బంజారా హిల్సే గదా సారూ? ఆ గుట్టలు మావోళ్లవేనంట" అన్నాడు. ఆ మాటలో అబద్ధమేమీ లేదు. వెనకటికి ఆ రాళ్లగుట్టల్లో బంజారాలు, అంటే మన లంబాడీలు, కాపురముండేవారు. నిజాం ప్రభుత్వంలో పెద్ద ఉద్యోగి మెహదీ నవాజ్ జంగ్ అక్కడి బండలను పగలగొట్టకుండా, వాటిని గోడల్లో కలుపుకొని ఇల్లు కట్టుకొని, దానికి 'బంజారా భవన్' అని పేరు పెట్టాడు. రైలు, లారీ రాకముందు ఈ దేశపు తిండిని మోసింది బంజారాల పెరిక ఎడ్లే. సముద్రతీరం నుంచి ఉప్పు పైకి వచ్చేది, మెట్ట సీమల ధాన్యం కిందికి దిగేది. దండు కదిలితే దాని వెనకాల గింజల గోతాలతో వేల ఎడ్లు కదిలేవి.

"అయితే ఈ మిర్చి కూడా మావోళ్లే మోసిన్రా?" అని అడిగాడు. మిరప మొదట ఓడ మీద వచ్చిందని చెబితే ఆయన నమ్మలేదు. "ఏమంటున్నవు సారూ? మా నాయిన, మా తాత మిరప ఏసినోళ్లే. మనది కాకపోవుడేంది?"

మీరూ ఇట్లాగే అనవచ్చు. గుంటూరు, ఖమ్మం, వరంగల్లు మిరప యార్డుల పేరు వినని వారెవరు? కాని మిరపకు పుట్టిల్లు మెక్సికో. అక్కడివారు ఆరు వేల ఏళ్ల కిందటే దాన్ని తింటున్నారు. 1492లో కొలంబస్ బయలుదేరింది మన మిరియాల కోసం. మిరియం దొరకలేదు. ఈ ఎర్రకాయ దొరికింది. కారంగా ఉంది గనక దీన్నీ మిరియమే అన్నాడు. మనవాళ్లూ అదే పని చేశారు చూడండి, మిరియం పేరు నుంచే మిరప అన్నారు. 1498లో వాస్కో డ గామా కోళిక్కోడుకు వచ్చాడు, 1510లో పోర్చుగీసువారు గోవా పట్టుకున్నారు. మిరప వారి ఓడల్లో మన తీరానికి చేరింది. అంతకు ముందు మన పూర్వులు కారం తినలేదని కాదు. మిరియాలు, పిప్పళ్లు, అల్లం, ఆవాలతో కారం తిన్నారు.

చిత్రమేమిటంటే, మిరప కారం పిట్టకు తెలియదు. జంతువు నోరు మండుతుంది గాని పక్షి నోరు మండదు. జంతువు నమిలితే గింజ పాడవుతుంది. పిట్ట మింగి ఇంకో చోట వేస్తే మొలుస్తుంది. కారం ఆ మొక్క తనకు తాను కట్టుకున్న కంచె. ఆ కంచెను ఇష్టపడి దూకిన జంతువు మనిషి.

ఇక బజ్జిలో మిగిలినవి చూద్దాము. శనగపిండి: శనగ పుట్టింది టర్కీ దేశపు ఆగ్నేయ భాగంలో. అయితే అది మన ఇంటికి వచ్చి నాలుగు వేల ఏళ్లు దాటింది. నూనె: పల్లీ నూనె అయితే దక్షిణ అమెరికా. ఈ రోజుల్లో బండివాడు ఏ నూనె పోస్తున్నాడో మనం అడగము. పామాయిలైతే పశ్చిమ ఆఫ్రికా, పొద్దుతిరుగుడైతే ఉత్తర అమెరికా. పైన చల్లిన ఉల్లిపాయ మధ్య ఆసియా నుంచి వచ్చింది. లోపల కూరిన చింతపండుకు అరబ్బులు 'హిందూదేశపు ఖర్జూరం' అని పేరు పెట్టారు. ఇంగ్లీషు పేరు కూడా అందులోంచే పుట్టింది. చెట్టు మాత్రం ఆఫ్రికాది. ఈ సంగతి డిప్లొమా చదివేటప్పుడు విని నేనూ నమ్మలేదు. మా ఊరి చెరువు గట్టు మీది చింత ఆఫ్రికాదంటే ఎవరు నమ్ముతారు?

అయితే ఆ బజ్జిలో మనదేమీ లేదా? ఉంది. చింతపండుతో కలిపి కూరిన నువ్వుల పొడి. నువ్వు ఈ గడ్డ మీదనే పుట్టింది, హరప్పా వాళ్లే పండించారు. పైకి కనబడకుండా కడుపులో దాక్కుంది.

అప్పటికి రైతులందరూ చుట్టూ మూగారు, ఒక్కొక్కరు ఒక్కొక్క పేరు చెప్పి అడగసాగారు. జొన్న? ఆఫ్రికాలో సూడాను వైపు. సజ్జ, రాగి కూడా ఆఫ్రికావే. పుంటికూర, అదే గోంగూర? అదీ ఆఫ్రికాదే. ఈ మాటకు మాత్రం కొందరికి కోపం వచ్చింది. టమాట దక్షిణ అమెరికాలో పుట్టి మెక్సికోలో పెరిగింది. పాతకాలం వాళ్లు దాన్ని రామములగ అనేవారు. సీతాఫలం? సీతమ్మ పేరు పెట్టుకున్నా అదీ అమెరికా ఖండపు పండే, మన బాలానగర్ రకం ఎంత తియ్యనిదైనా సరే. కంది, మినుము, పెసర, వంకాయ, మామిడి మనవి. టీ సంగతి ఒక్క మాటలో చెబుతాను. ఆకు చైనా, అస్సాంలది. ఇరానీ హోటలు పెట్టినవారు ఇరాన్ నుంచి బొంబాయి మీదుగా వచ్చారు. నంజుకునే ఉస్మానియా బిస్కట్టుకు చివరి నిజాం ఉస్మాన్ అలీ ఖాన్ పేరు.

ఇంతవరకు కాలక్షేపం. అసలు సంగతి ఇప్పుడొచ్చింది. పెద్దాయన మనవడి భుజం మీద చెయ్యి వేసి అన్నాడు: "వీడు వచ్చే ఏడు అమెరికా పోతుండు సారూ. మిరపకు ఆడనే పుట్టిల్లంటివి గదా. వచ్చేటప్పుడు జేబుల ఇన్ని గింజలు ఏసుకరమ్మంటా."

బజ్జి నా గొంతులో అడ్డం పడింది. ఎందుకు వద్దన్నానో మీకూ చెబుతాను.

పంట పరదేశానికి పోయినప్పుడు చాలాసార్లు ఒంటరిగా పోతుంది. దాని శత్రువులు పుట్టింట్లోనే ఉండిపోతాయి. కొత్త చోట పంట హాయిగా పండడానికి అదీ ఒక కారణం. ఆ శత్రువు ఏదో ఒక రోజు మొక్కతోనో, కాయతోనో, సామానుతోనో వెతుక్కుంటూ వచ్చిందంటే, దాన్ని తినే పురుగు మాత్రం వెంట రాదు. మొక్కజొన్న మెక్సికోది. అమెరికా ఖండాలకు చెందిన కత్తెర పురుగు 2018 మే నెలలో కర్ణాటకలో శివమొగ్గ వద్ద మొదట కనబడింది. ఆ ఏడాదే మన రెండు రాష్ట్రాల చేలల్లోకీ దిగింది. మిరపకైతే ఆపద ఇంకో దిక్కు నుంచి వచ్చింది. ఆగ్నేయాసియాకు చెందిన నల్ల తామర పురుగు 2021-22 పంటకాలంలో గుంటూరు నుంచి వరంగల్లు దాకా పూతను రాల్చేసింది. దిక్కు తోచక మందు మీద మందు కొట్టినవారి చేలల్లో మిత్రపురుగులు చచ్చాయి గాని తామర పురుగు చావలేదు. నీలిరంగు జిగురు అట్టలు, వేపనూనె, చేను చుట్టూ జొన్న లేక మొక్కజొన్న వరసలు అని మేము ఇప్పటికీ మొత్తుకుంటున్నది అందుకే.

బొప్పాయి కథ వింటే సంగతి పూర్తిగా తెలుస్తుంది. బొప్పాయీ మెక్సికో వైపుదే. 2008లో కోయంబత్తూరు దగ్గర బొప్పాయి చెట్ల మీద తెల్లని పిండి చల్లినట్లు పిండినల్లి కనబడింది. దానిదీ ఆ దేశమే. బొప్పాయితో ఆగలేదు. మల్బరీ, కర్రపెండలం, పత్తి, అన్నిటి మీదా పాకింది. ఒంటి మీద మైనపు పూత ఉండడం వల్ల మందు అంటదు. అప్పుడు మన శాస్త్రవేత్తలు దాని పుట్టింటి వైపు చూశారు. పిండినల్లి ఒంట్లో గుడ్డు పెట్టి దాన్ని లోపలి నుంచి తినేసే చిన్న కందిరీగలు అక్కడ ఉన్నాయి. 2010లో మూడు జాతుల కందిరీగలను ప్యూర్టోరికో నుంచి బెంగళూరులోని జాతీయ కీటక సంస్థకు తెప్పించారు. అవి ఇంకే మేలైన జీవికీ హాని చెయ్యవని నాలుగు గోడల మధ్య పరీక్షించి, ఆ తరువాతనే తోటల్లో వదిలారు. కొద్ది కాలంలోనే పిండినల్లి లొంగిపోయింది. ఆ తోటల్లో మందు కొట్టవద్దనడమే రైతులకు అన్నిటికన్నా కష్టమైన సలహా అయింది.

కనుక పుట్టిల్లు తెలియడం అవసరమే, అక్కడి నుంచి తెచ్చుకోవడమూ అవసరమే. పల్లీనే చూడండి. బొలీవియా, అర్జెంటీనాల సరిహద్దులో రెండు అడవి జాతులు ఎప్పుడో కలవడం వల్ల పుట్టిన పంట అది. వంశం చాలా ఇరుకు గనక ఆకుమచ్చ, తుప్పు తెగుళ్లను తట్టుకునే శక్తి దానికి తక్కువ. ఆ శక్తిని బొలీవియా అడవి పల్లీ నుంచి తెచ్చి కలిపారు. ఇక్రిశాట్ వారి విత్తన నిధిలో లక్షకు పైగా నమూనాలను చలిగదుల్లో దాచింది ఇందుకే. మేము ఆ రోజు చూసి వచ్చింది అదే. అయితే ఆ గింజలు జేబులో రాలేదు. దిగుమతి అనుమతి పత్రం, అవతలి దేశమిచ్చే ఆరోగ్య పత్రం ఉండాలి. ఇక్రిశాట్‌కు వచ్చే గింజలను రాజేంద్రనగర్‌లోని జాతీయ మొక్కల జన్యువనరుల సంస్థ వారు పరీక్షించి, తెగులు లేదని తేలితేనే వదులుతారు. పిడికెడు గింజలే గదా అనకండి. వైరస్‌కు ఒక్క గింజ చాలు.

కుర్రవాడు శ్రద్ధగా విన్నాడు. పెద్దాయన కొంచెంసేపు మాట్లాడలేదు. తరువాత, "అయితే ఒట్టి చేతులతోనే రారా" అని మనవడికి చెప్పి, నా వైపు తిరిగాడు.

"మరి కంది మనదేనంటివి. దాని పుట్టింటోళ్లు యాడున్నరు సారూ?"

మంచి ప్రశ్న. కందికి దగ్గరి చుట్టం బస్తరు, ఒరిస్సా కొండల్లో ఇప్పటికీ ఉంది. దాని సాయంతోనే ఇక్రిశాట్ వారు సంకర కందిని తయారుచేశారు. ఇంకొక చుట్టం గడ్డీ గాదంలో తీగలా పాకుతుంది. కాయ మీద దట్టంగా నూగు ఉంటుంది, శనగపచ్చ పురుగుకు ఆ నూగు గిట్టదు.

"నూగున్న చిన్న కాయ, తీగ లెక్క పాకుతదా? మా తండా మీది గుట్టల ఉన్నట్టే ఉంది సారూ. మేకలు తింటయి" అన్నాడాయన.

ఈ ఏడు రెండు పొదలైనా మేకల నోట పడకుండా ముళ్లకంప వేయమని చెప్పాను. కాయ ఎండగానే కబురు పెడతానన్నాడు.