సైకిలు మీద ఆమ్‌స్టర్‌డామ్

ఆమ్‌స్టర్‌డామ్ పాతబస్తీ చూడటానికి కారు పనికిరాదు. కాలిబాట అయితే రోజులు పడుతుంది. అందుకని విదేశీయులు చాలామంది గైడు వెంట సైకిలు యాత్రకు పేరిస్తారు. నేనూ ఇచ్చాను. మేం పదిమందిమి, గైడు చరిత్ర చదువుకున్న ఒక అమ్మాయి.

ముందు సైకిలు సంగతి చెప్పాలి. అక్కడి పాతరకం సైకిలుకి చేతిబ్రేకు ఉండదు, పెడలు వెనక్కి తొక్కితే చక్రం ఆగుతుంది. పెడళ్ళు ఊరికే వెనక్కి తిప్పుతూ కబుర్లు చెప్పే మనబోటివాళ్ళు ఉన్నచోటే నిలబడిపోతారు. ట్రాము పట్టాల్ని అడ్డంగా దాటాలి. పట్టా వెంబడి పోతే ముందుచక్రం గాడిలో దిగుతుంది.

ఊరంతా బురదనేల. 1613 నుంచి పెద్ద కాలువలు తవ్వి, ఒడ్డున కొయ్యదుంగలు దిగగొట్టి, వాటిమీద ఇళ్ళు లేపారు. డామ్ చౌకులోని రాజప్రాసాదం ఒక్కదాని కిందే 13,659 దుంగలున్నాయిట! నీళ్ళలో మునిగివున్నంతకాలం గాలి తగలదు గనక కొయ్య పుచ్చదు, నీటిమట్టం తగ్గితేనే ప్రమాదం. మెట్లు మరీ ఇరుకు కావటంచేత ప్రతి ఇంటి నెత్తినా ఒక కొక్కెం ఉంటుంది. బీరువాలూ మంచాలూ దానికి తాడు కట్టి కిటికీలోంచి లోపలికి లాగుతారు.

ఒక సందులో ఎర్ర ఇటుకల భవనం ముందు ఆగాం. 1602లో పుట్టిన డచ్చి ఈస్టిండియా కంపెనీ ఆఫీసు అది. 1605లో మన మచిలీపట్నం వచ్చి, గోల్కొండ రాజ్యపు అద్దకం బట్టలు ఓడలకెత్తిన కంపెనీ ఇదే. బందరులోనూ భీమునిపట్నంలోనూ డచ్చివాళ్ళ సమాధులు ఇప్పటికీ ఉన్నాయి. భవనం మాత్రం ఇప్పుడు విశ్వవిద్యాలయం వారిది. మిగతావాళ్ళు ఫొటోలు తీసుకుంటున్నారు గాని నాకెందుకో బందరు కలంకారీ కళ్ళముందు కదిలింది.

అక్కణ్ణించి యూదుల పేట. 1941 ఫిబ్రవరిలో జర్మన్లు ఇక్కడ నాలుగువందలమందికి పైగా యూదు యువకుల్ని పట్టుకుపోతే, 25వ తేదీన ట్రాము కార్మికులతో మొదలై ఊరంతా సమ్మె కట్టింది. దానికి గుర్తుగా ఓడరేవు కూలీ విగ్రహం నిలబెట్టారు. సమ్మెను రెండు రోజుల్లో అణిచేశారు. నగరంలోని సుమారు ఎనభైవేలమంది యూదుల్లో అధికభాగం తిరిగి రాలేదు. ఇక్కడ గైడు కాసేపు ఏమీ మాట్లాడలేదు. మేమూ అంతే.

డచ్చివాళ్ళు పుట్టుకతోనే సైకిలు ప్రియులనీ, ఈ ఎర్రదారులు ఎప్పట్నించో ఉన్నాయనీ చాలామంది అనుకుంటారు. శుద్ధ అబద్ధం. యుద్ధం తరవాత అక్కడా కార్ల మోజు పట్టుకుంది. 1967లో ఒక అమెరికన్ ఇంజనీరు అయితే ఒక కాలువని పూడ్చి మోటారు రహదారి వెయ్యమని సలహా ఇచ్చాడు! 1971 ఒక్క ఏడాదిలో ఆ చిన్నదేశంలో రోడ్డు ప్రమాదాల్లో సుమారు 3,300 మంది చనిపోయారు. వారిలో నాలుగువందలకు పైగా పిల్లలు. బిడ్డను పోగొట్టుకున్న ఒక పత్రికా రచయిత 1972లో ‘పిల్లల హత్యలు ఆపండి’ అని శీర్షిక పెట్టి రాశాడు. ఆ శీర్షికే ఉద్యమం పేరయింది. తల్లులూ పిల్లలూ వీధులకి అడ్డంగా కూర్చున్నారు. 1973లో పెట్రోలు కరువొచ్చి ఆదివారాలు కార్లు ఆపేస్తే, నిశ్శబ్దంగా ఉన్న వీధి ఎలా ఉంటుందో జనం చూశారు. 1975లో మెట్రో కోసం పాత ఇళ్ళు పడగొట్టబోతే పోలీసులతో కలియబడ్డారు. మెట్రో వచ్చింది గాని దానిపైన వెయ్యాలనుకున్న పెద్దరోడ్డు రాలేదు. మేం తొక్కిన దారులు అలా కొట్లాడి తెచ్చుకున్నవి.

ఆ పట్టుదల ఇంకా పోలేదు. 1885లో కట్టిన రైక్స్ మ్యూజియం కిందనుంచి ఒక దారి పోతుంది. మరమ్మతుల వేళ అందులోకి సైకిళ్ళు వద్దని మ్యూజియం వారు పట్టుబట్టారు. సైకిలు సంఘంవారు ఏళ్ళతరబడి పోరాడారు. 2013లో మళ్ళీ సైకిళ్ళకే తెరిచారు. తలపైన రెంబ్రాంట్ బొమ్మలు, కింద కూరగాయల సంచులతో ఇళ్ళకి పోయే జనం. గంట కొట్టుకుంటూ మేమూ వాళ్ళ మధ్యనుంచే అవతలి తోటలోకి పోయాం.