కరీబియన్ సాగరమున రెండు దీవులు: ఏది ఎవరికి?

సముద్రతీరమునకు పోయి పది దినములు విశ్రమించి రావలెనను కోరిక మన వారికి క్రొత్తది కాదు. భీమునిపట్టణము, బాపట్ల, మైపాడు తీరములు ఆ కోరికను చాల వరకు తీర్చుచునే ఉన్నవి. అయితే నేడు అమెరికాలోనో కెనడాలోనో ఉద్యోగములు చేయుచున్న కుమారుల యొద్దకును, కుమార్తెల యొద్దకును పోవు తలిదండ్రులు తెలుగునాట అనేక గ్రామములలో కలరు. అట్లు పోయిన పెద్దలను పిల్లలు శీతకాలమున ఏదేని వెచ్చని తావునకు తీసికొనిపోదలచినప్పుడు కరీబియన్ దీవుల పేరు తరచుగా వినవచ్చును. దీవులు అనేకము, సెలవు స్వల్పము, వ్యయము అధికము. పెద్దలకు అట్టి ప్రయాణము మరల కలుగునో, కలుగదో. కనుక ఏ దీవికి పోవలెనను ప్రశ్న తేలికగా విడువదగినది కాదు. బార్బడోస్, సెయింట్ లూసియా అను రెండు దీవులను తీసికొని, ఏది ఎట్టి వారికి తగునో ఇచట వివరింపదలచినాము.

పటమును విప్పి చూచినచో మనకు ఒక వింత తోచును. బార్బడోస్ రాజధానియైన బ్రిడ్జిటౌన్ ఇంచుమించు మన చెన్నపట్టణపు అక్షాంశముననే ఉన్నది. సెయింట్ లూసియా తిరుపతి, నెల్లూరుల నడిమి అక్షాంశమున ఉన్నది. అయినను మన వేసవి వడగాలులు అచట లేవు. తూర్పున అట్లాంటిక్ మహాసముద్రము మీదుగా ఏడాది పొడుగున వీచు వ్యాపారపవనములు ఎండ తీవ్రతను తగ్గించును. రెండు దీవుల నడుమ దూరము సుమారు 175 కిలోమీటర్లు. విమానమున గంటలోపు ప్రయాణము. ఇంత దగ్గరగా ఉన్నను, ఈ రెండును పుట్టుకచేతనే భిన్నములు. ఆ భేదము తెలిసినచో ఎన్నిక సగము ముగిసినట్లే.

బార్బడోస్ పగడపు దీవి. సముద్రగర్భమున పేరుకొన్న మట్టిపొరలు భూమి లోపలి ఒత్తిడి వలన పైకి లేచినవి. వాని మీద పగడపు జీవులు కట్టుకొన్న సున్నపురాయి దీవిలో అధికభాగమును కప్పివేసినది. అందుచేత నేల చాల వరకు చదునుగా ఉండును. దీవి వైశాల్యము 430 చదరపు కిలోమీటర్లు. అన్నిటికంటె ఎత్తయిన హిల్లబీ కొండ 340 మీటర్లకు మించదు. వాన నీరు సున్నపురాతిలోనికి ఇంకిపోవును గాని పెద్ద నదులై ప్రవహింపదు. నదులు లేవు కనుక బురద కొట్టుకొనివచ్చి సముద్రమున కలియుట తక్కువ. తీరజలము స్వచ్ఛముగా ఉండును. పగడపు చిప్పలును, శంఖములును నలిగి పొడియై తెల్లని మెత్తని ఇసుకగా ఏర్పడినవి. చిలుకచేప యను మత్స్యము పగడపు రాతిని కొరికి నమలి విసర్జించు పొడియు ఈ ఇసుకలో కొంత భాగమని శాస్త్రజ్ఞులు చెప్పుదురు.

సెయింట్ లూసియా అగ్నిపర్వతముల నుండి పుట్టినది. వైశాల్యము 617 చదరపు కిలోమీటర్లు. నడుమ జిమీ పర్వతము 950 మీటర్ల ఎత్తున నిలిచి మేఘములను ఆపును. అందుచేత వానలు మెండు, అడవులు దట్టము. నైరుతి దిశయందు సూఫ్రియేర్ పట్టణము చెంత గ్రో పిటన్, పెటీ పిటన్ అను రెండు శిఖరములు సముద్రమున పాదము మోపినట్లు నిటారుగా లేచి, ఒక్కొక్కటి 700 మీటర్లకు పైగా ఎదిగినవి. 2004లో యునెస్కో ఈ ప్రాంతమును ప్రపంచ వారసత్వ స్థలముగా గుర్తించినది. ఆ సమీపముననే గంధకపు ఊటలు కలవు; బురద కుతకుతలాడుచు ఆవిరులు చిమ్ముచుండును. 1766లో అచట ఆవిరి ప్రేలుడు ఒకటి సంభవించినది. నేడు యాత్రికులు ఊటల దిగువ నున్న గోరువెచ్చని నీటిలో స్నానము చేసి, బురద పూసికొని ఆనందింతురు. ఇట్టి నేల గల దీవిలో ఇసుక అంతటను తెల్లగా ఉండదు. పశ్చిమతీరమున పలుచోట్ల నల్లని లేక బూడిదవన్నె అగ్నిశిలల ఇసుక. ఉత్తరమున రోడ్నీ అఖాతము చెంత రెడ్వీ తీరమున బంగారువన్నె ఇసుక. రెండు పిటన్‌ల నడుమ చిత్రపటములలో తెల్లగా మెరయు ఇసుక బయటి నుండి తెచ్చి పరచినది. చిత్రమును చూచి దీవి అంతయు అట్లే ఉండునని భావించిన వారికి ఆశాభంగము తప్పదు.

ఇక స్నానము మాట. ఈ విషయమున రెండు దీవులకును ఒకే సూత్రము వర్తించును. గాలి తూర్పు నుండి వీచును. కనుక తూర్పుతీరమున అట్లాంటిక్ కెరటములు ఉద్ధృతముగా ఉండును, పడమటి తీరము గాలి చాటున ప్రశాంతముగా ఉండును. బార్బడోస్‌లో తూర్పున బాత్‌షెబా తీరము చూచుటకు అద్భుతము. పలకలపై తేలుచు కెరటములతో క్రీడించు నిపుణులకు అది స్వర్గము. సామాన్యులకు మాత్రము అచటి లోగుంజుడు ప్రవాహములు ప్రమాదకరములు. పిల్లలతో పోవు వారు పడమటి తీరముననో, బ్రిడ్జిటౌన్ చెంత కార్లయిల్ అఖాతముననో స్నానము చేయవలెను. అచట నీరు చాలదూరము లోతు లేక, నిలకడగా ఉండును. ఈదనేరని వారికిని, మోకాళ్ల నొప్పులు గల వృద్ధులకును ఇంతకంటె అనువైన సముద్రము దొరకుట అరుదు.

2011 నుండి మరియొక చిక్కు ఏర్పడినది. సార్గాసమ్ అను గోధుమవన్నె సముద్రపు నాచు అట్లాంటిక్ నుండి గుంపులు గుంపులుగా కొట్టుకొనివచ్చి, ముఖ్యముగా వసంత గ్రీష్మములలో, తూర్పుతీరములందు కుప్పలుగా పడి కుళ్లి దుర్వాసన కొట్టును. ఏటేట దీని రాకలో హెచ్చుతగ్గులుండును. పడమటి తీరములకు ఈ బాధ తక్కువ. బస కుదుర్చుకొనుటకు ముందు అది ఏ తీరమున ఉన్నదో అడిగి తెలిసికొనుట మంచిది.

తుపానుల కాలము జూన్ 1 నుండి నవంబరు 30 వరకు. డిసెంబరు మొదలు మే వరకు పొడికాలము. ధరలు హెచ్చయినను అదే ప్రయాణమునకు తగిన కాలము. బార్బడోస్ దీవులవరుసకు తూర్పుగా ఎడముగా ఉండుటచే అనేక తుపానులు దానికి ఉత్తరముగా సాగిపోవును. 1955లో జానెట్ తరువాత 2021లో ఎల్సా వరకు హరికేన్ స్థాయి తుపాను నేరుగా ఆ దీవిని తాకలేదు. అట్లని నిర్భయముగా ఉండుటకు వీలులేదు. 2024 జూలైలో బెరిల్ దక్షిణముగా పోవుచునే అచటి పడవలను ధ్వంసము చేసి, బెస్తల జీవనమును దెబ్బతీసినది. సెయింట్ లూసియా కొండనేల కనుక అచట గాలికంటె వానయే భయము. 2010లో టోమస్ తుపాను నాడు కొండచరియలు విరిగిపడి ఘోరనష్టము కలిగినది.

ప్రయాణపు శ్రమను కూడ లెక్కింపవలెను. బార్బడోస్ విమానాశ్రయము నుండి దక్షిణతీరపు బసలకు అరగంటలోపు చేరవచ్చును. ఊళ్ల నడుమ బస్సులు తరచుగా నడచును. కాలినడక దూరముననే అంగళ్లును, భోజనశాలలును దొరకును. సెయింట్ లూసియాలో దూరదేశపు విమానములు దక్షిణపు కొనయందలి హెవనోరాలో దిగును; బసలలో అధికభాగము ఉత్తరమున ఉన్నవి. నడుమ మలుపుల కొండదారిలో గంటన్నర ప్రయాణము. కడుపులో త్రిప్పు స్వభావము గలవారు దీనిని ముందుగనే తలపోయవలెను. అయితే ఆ దారిలో అరటితోటలు, లోయలు, బెస్తపల్లెలు కన్నులపండువుగా ఉండును. గ్రో పిటన్ శిఖరము నెక్కదలచిన వారు మార్గదర్శిని వెంటబెట్టుకొని పోవుదురు. ఎక్కి దిగుటకు నాలుగైదు గంటలు పట్టును. అడవులలో విషసర్పములు కలవు గనుక బాట విడువరాదు.

భోజనము విషయమున శాకాహారులకు కొంత చింత కలుగుట సహజము. చేపలు రెండు చోట్లను ముఖ్యాహారము. అయినను మనకు ఎరుకైన పదార్థములు లేకపోలేదు. బార్బడోస్ వారు మొక్కజొన్న పిండిలో బెండకాయలు వేసి ఉడికించి కూకూ అను వంటకము చేయుదురు. ఎగిరెడు చేపతో కలిపి తినుట వారి ఆచారము, చేప లేకయు అడుగవచ్చును. సెయింట్ లూసియాలో పచ్చి అరటికాయను ఉడికించి తిందురు. సీమపనస, చేమదుంప, గుమ్మడి, మామిడి, కొబ్బరి రెండు దీవులందును దొరకును. సరకులలో చాల భాగము దిగుమతియే కనుక ధరలు మనకు ఎక్కువగా తోచును. బార్బడోస్ డాలర్లు రెండు ఒక అమెరికా డాలరునకు సమానము. సెయింట్ లూసియాలో చెల్లు తూర్పు కరీబియన్ డాలర్లు 2.70 ఒక అమెరికా డాలరునకు సమానము.

తీరము ఒక్కటియే కాదు. మనుష్యుల కథయు తెలిసికొనదగినది. బార్బడోస్ 1627 నుండి 1966 నవంబరు 30న స్వాతంత్ర్యము పొందువరకు ఇంగ్లీషువారి చేతిలోనే ఉన్నది. 2021లో గణతంత్రరాజ్య మైనది. సెయింట్ లూసియా కొరకు ఇంగ్లీషువారును, ఫ్రెంచివారును పోరాడగా అది పదునాలుగు మారులు చేతులు మారినదని చెప్పుదురు. 1979 ఫిబ్రవరి 22న స్వతంత్రమైనది. నేటికిని ప్రజలు ఇంగ్లీషుతో పాటు ఫ్రెంచి పునాది గల క్రియోల్ భాష మాటలాడుదురు. రెండు దీవులందును చెరకు తోటలు ఆఫ్రికా నుండి బానిసలుగా తేబడిన వారి చెమటతో పండినవి. బానిసత్వము రద్దైన పిదప, 1859 నుండి సెయింట్ లూసియాకు భారతదేశపు కూలీలను ఒప్పందముపై తెచ్చిరి. వారి సంతతి నేటికిని అచట కలదు. చెన్నపట్టణపు రేవు నుండి పోయిన తెలుగువారు కొందరు సమీపమున గల ట్రినిడాడ్ మున్నగు దీవులకు చేరిరి. ఈ చరిత్ర తెలిసినవాడు అచటి పనివారితో గౌరవముగా మాటలాడును. సాహిత్యాభిమానులకు సెయింట్ లూసియా డెరెక్ వాల్కాట్ జన్మభూమి. ఆయనకు 1992లో నోబెల్ బహుమానము లభించినది. అర్థశాస్త్రమున 1979లో ఆ బహుమానము పొందిన ఆర్థర్ లూయిస్ కూడ ఆ దీవివాడే.

రేడియో యొద్ద క్రికెట్టు వ్యాఖ్యానము వినుచు పెరిగిన వారికి బార్బడోస్ పేరు చెవులలో మ్రోగుచునే ఉండును. వారెల్, వీక్స్, వాల్కాట్, సోబర్స్ ఆ చిన్న దీవిలో పుట్టినవారే. 1962లో బ్రిడ్జిటౌన్ కెన్సింగ్టన్ ఓవల్ మైదానమున భారత నాయకుడు నారీ కంట్రాక్టరు తలకు బంతి తగిలి ప్రాణాపాయము కలిగినప్పుడు ప్రత్యర్థి నాయకుడు ఫ్రాంక్ వారెల్ రక్తదానము చేసినాడు. ఆ మైదానముననే 2024 జూన్ 29న భారతజట్టు ఇరువది ఓవర్ల ప్రపంచకప్పును గెలుచుకొన్నది.

ఇక కొన్ని జాగ్రత్తలు. మాంచినీల్ అను చెట్టు తీరములందు పెరుగును. దాని ఫలము చిన్న పచ్చని ఆపిలు వలె ముద్దుగా ఉండును, కాని విషము. వానలో ఆ చెట్టు క్రింద నిలిచినను ఒడలు పొక్కును. పిల్లలకు ముందుగనే చెప్పవలెను. సైనికుల మచ్చల దుస్తుల వంటి బట్టలు పౌరులు ధరించుట రెండు దీవులందును నిషిద్ధము. ఆయా దీవుల ప్రవేశనియమములతో పాటు, నడుమ విమానము మారు దేశపు వీసా నియమములను కూడ టిక్కెట్టు కొనకముందే విచారింపవలెను.

మా అభిప్రాయమును సంగ్రహముగా చెప్పుదుము. వృద్ధులు, చిన్నపిల్లలు వెంటనున్న కుటుంబమునకు, ప్రతిదినము స్నానమును, కొంత నడకయు, ఊరి సందడియు కోరువారికి బార్బడోస్ తగును. బస దక్షిణ పశ్చిమ తీరములలో చూచుకొనవలెను. కాళ్లలో సత్తువ కలిగి, అడవులు, కొండలు, వేడినీటి ఊటలు చూడగోరువారికి, ఏకాంతమును ప్రేమించు నవదంపతులకు సెయింట్ లూసియా తగును. అట్టివారు సూఫ్రియేర్ చెంత కొన్ని దినములు గడపవలెను. కుటుంబమున ఇరుతెరగుల వారును ఉన్నచో, బలహీనుల సౌకర్యమును ముందు చూచి, బార్బడోస్‌లో బస చేసి, శక్తిగలవారు రెండు మూడు దినములు ప్రక్కదీవికి పోయి వచ్చుట మేలు. ఇంటిలో అందరును కూర్చుండి, ఎవరు ఏమి కోరుచున్నారో, ముఖ్యముగా నోరు విప్పి తమ కష్టము చెప్పని పెద్దలు ఏమి కోరుచున్నారో అడిగి తెలిసికొన్న పిదపనే టిక్కెట్లు కొనవలెనని మా మనవి.