ఈ వాద్యానికి కూడా లేటెన్సీ ఉంది: నేను వాయించిన చర్చి ఆర్గాన్లు

బ్లూటూత్ ఇయర్‌ఫోన్స్‌తో గేమ్ ఆడితే, గన్ పేలిన కాస్త తర్వాత సౌండ్ వస్తుంది కదా? లేటెన్సీ. వందల ఏళ్లుగా ఆ తలనొప్పి ఉన్న వాద్యం ఒకటుంది, పైప్ ఆర్గాన్. జర్మనీలో జాబ్ చేసినప్పుడు వీకెండ్స్‌లో చర్చిల్లో వాయించేవాణ్ణి. ప్రొఫెషనల్‌ని కాదు. బీటెక్ హాస్టల్లో కీబోర్డ్ మీద సినిమా పాటలు వాయించిన చెయ్యి, అంతే.

మొదటిది ఒక పల్లెటూరి చర్చిలో, బీరువా అంత ఉంటుంది. హార్మోనియం చూశారుగా, అందులో గాలికి రీడ్ ఊగుతుంది. ఇక్కడ మెట్టు నొక్కితే సన్నటి చెక్క కడ్డీలు కదిలి లోపల ఒక మూత తెరుస్తాయి, తిత్తిలోని గాలి పైపులోకి పోతుంది. చాలా పైపులు పలికేది మన ఈల లాగానే. పూర్వం తిత్తి తొక్కడానికి మనుషులుండేవాళ్లు, ఇప్పుడు కరెంటు ఫ్యాన్. మూత తెరుచుకునే ఆ చిన్న 'టిక్' వేలికి తెలుస్తుంది, నాకు భలే ఇష్టం అది. గట్టిగా కొట్టినా మెల్లగా నొక్కినా వాల్యూమ్ ఒకటే. వేలు తీసేదాకా స్వరం తగ్గదు. అందుకే ఎప్పుడు నొక్కామన్నదాని కంటే ఎప్పుడు వదిలామన్నదే ఎక్కువ వినపడుతుంది.

మరి సౌండ్ పెంచాలంటే? స్టాప్‌లు. ఒక్కో స్టాప్ సాధారణంగా ఒక వరుస పైపుల్ని ఆన్ చేసే స్విచ్. వాటి మీద 8, 16 అని ఉంటుంది, అడుగుల లెక్క. పొడవు రెట్టింపైతే స్వరం ఒక స్థాయి కిందికి దిగుతుంది. 32 అడుగుల పైపు దాదాపు 16 హెర్ట్జ్. అది చెవి కంటే ముందు కూర్చున్న బెంచీకి తెలుస్తుంది. ఫోన్ స్పీకర్లో వెతక్కండి, రాదు.

పాసావ్ కెథెడ్రల్లో అయితే ఐదు ఆర్గాన్లు, దాదాపు 18 వేల పైపులు, అన్నీ ఒకే చోట కూర్చుని వాయించొచ్చు. అక్కడ నేను విన్నాను, అంతే.

నేను వాయించిన పెద్దది ఒక సిటీ చర్చిలో, వెనక బాల్కనీ మీద. మూడు వరుసల మెట్లు, కాళ్లకి పెడల్స్. వరుసలు కలిపితే మెట్లు బరువెక్కుతాయి, ఒక్క వేలు అన్ని మూతలూ తెరవాలి మరి. ధ్వని సెకనుకు సుమారు 343 మీటర్లు వెళ్తుంది. 34 మీటర్ల అవతల కూర్చున్నవాళ్లకి నా స్వరం చేరడానికి సెకనులో పదో వంతు, వాళ్ల పాట నాకు తిరిగి రావడానికి ఇంకో పదో వంతు. వాళ్లు వినపడ్డాకే నేను ముందుకెళ్తే, వాళ్లు నా కోసం ఆగుతారు, నేను వాళ్ల కోసం. ఇన్ఫినిట్ లూప్! చరణం చరణానికి పాట నీరసపడిపోతుంది.

అక్కడ నేను మొదటిసారి జనంతో వాయించింది ఒక అంత్యక్రియల ప్రార్థనలో. ముందురోజు ఆర్గనిస్ట్ పెద్దాయన ఒకటే చెప్పారు: "నువ్వు మనసులో పాడుతూ వెళ్లు. కింద గొంతుల కోసం చూడకు. చరణం చివర మాత్రం వాళ్లకి ఊపిరి తీసుకునే టైమ్ ఇవ్వు."

ఏడుస్తూ పాడేవాళ్లకి ఆ ఊపిరి ఇంకాస్త ఎక్కువ కావాలి. ఇచ్చాను. నాలుగో చరణానికి వచ్చేసరికి కింద గొంతులు నా వెనక ఎంత దూరంలో ఉన్నాయో చూసుకున్నాను. మొదటి చరణంలో ఉన్నంతే.