పాటల సభలో ఒక దినము

వినోదమునకై వెచ్చించిన ధనము దానమనిపించుకొనునా? ఈ ప్రశ్న మా చిలమత్తూరులో, మా యింటి యరుగుమీద నొక సాయంకాలము పుట్టినది. 2025వ సంవత్సరము ఫిబ్రవరి 15వ తేదీ శనివారమునాడు విజయవాడలోని ఇందిరాగాంధీ మునిసిపల్ స్టేడియములో ఎన్.టి.ఆర్. ట్రస్టువారు ‘యుఫోరియా’ యను పేర నొక బహిరంగ సంగీతసభను ఏర్పాటు చేసిరి. సంగీతదర్శకులు తమన్‌గారు తమ బృందముతో వచ్చి వాయింతురనియు, టిక్కెట్ల మూలమున వచ్చు సొమ్ము తలసేమియా రోగుల సహాయమునకు చెందుననియు ప్రకటించిరి. ఇరుగుపొరుగు స్త్రీలము నలుగురము పోవ నిశ్చయించితిమి. మావారు బడిపంతులు, అన్నిటికిని లెక్క చూతురు. “ఆ సొమ్ము నేరుగా పంపినచో మీ రైలు ఖర్చుకూడ రోగులకే చేరును గదా?” యనిరి. నాకప్పుడు సమాధానము తోచలేదు.

నాతో వచ్చినవారిలో నొకరు అంగన్‌వాడి నడుపు స్నేహితురాలు. ఇంకొకరు కుట్టుమిషనుమీద సంసారము నీడ్చుకొనివచ్చు అక్కయ్య. మూడవవారు మా వీథి చివరి యింటి వదినగారు. వదినగారు తమ కుమార్తెను సొంత తమ్మునికే యిచ్చుటకు నిశ్చయించి, వైశాఖమున ముహూర్తము పెట్టుకొనియుండిరి. మేనమామకు పిల్లనిచ్చుట మా సీమలో క్రొత్త కాదు. పెండ్లిపనులలో నలిగిన ప్రాణమునకు ఒక్కదినము విశ్రాంతి యని ఆమెయు బయలుదేరిరి.

చిత్రాన్నము, ఓళిగలు మూటగట్టుకొని హిందూపురమున రైలెక్కితిమి. మరునాడుదయము కృష్ణలో స్నానము, ఇంద్రకీలాద్రిపై కనకదుర్గమ్మ దర్శనము ముగించుకొని, ఎండ వాలకమునుపే బందరురోడ్డునందలి స్టేడియము చేరితిమి. అప్పటికే జనము కిటకిటలాడుచుండిరి. వేదికమీద వాద్యములు సరిచూచుకొనువారు డ్రమ్ములు ఒకటి రెండుమారులు మ్రోగింపగా, వదినగారు చెంగుతో చెవులు మూసికొని “ఇదేనా పాట?” యని యడిగిరి.

అందుకు నేనొక కథ చెప్పితిని. 1971 ఆగస్టు 1వ తేదీన న్యూయార్కు నగరములో పండిత రవిశంకరుగారును, జార్జి హారిసన్ అను ఆంగ్లేయగాయకుడును కలిసి బంగ్లాదేశ శరణార్థులకై సభ చేసిరి. రవిశంకరుగారు సితారు శ్రుతి చేసికొనుచుండగా, అదియే పాట యనుకొని జనులు చప్పట్లు కొట్టిరట! ఆయన నవ్వి, శ్రుతియే యింత రుచించినచో పాట యింకను రుచించునని హాస్యమాడిరి. ఆనాటి రెండు సభలవలన 2,43,000 డాలర్లకు పైగా సమకూడి యునిసెఫ్ సంస్థకు చేరినది. తరువాత 1985 జూలై 13వ తేదీన ఇథియోపియా కరువుబాధితులకై లండన్, ఫిలడెల్ఫియా నగరములలో ఒకేదినమున ‘లైవ్ ఎయిడ్’ అను గొప్ప రాక్ సంగీతసభలు బయలునందే జరిగినవి. మనకును ఈ మార్గము క్రొత్తది కాదు. 1952లో మన రాయలసీమ కరువునకును, 1977లో దివిసీమ ఉప్పెనకును ఎన్.టి. రామారావుగారు జనులలో తిరిగి విరాళములు కూర్చిరి.

దీపములు పెట్టినవేళకు సభ సాగినది. తమన్‌గారు చలనచిత్రదర్శకులు ఘంటసాల బలరామయ్యగారి మనుమలు. స్వయముగా డ్రమ్ములు వాయింపగలవారు. చిన్ననాటినుండి త్యాగరాజకీర్తనలకు అలవడిన నా చెవికి ఆ డ్రమ్ముల మ్రోత మొదట పిడుగువలె తోచినది. గుండెలోపల నెవరో తట్టుచున్నట్లుండెను. కొంతసేపటికి ఆ తాళము నడక తెలిసినది. మా పొరుగున లేపాక్షి నాట్యమండపములో స్తంభస్తంభమునందును వాద్యములు ధరించి నిలిచిన శిల్పములు నాకు జ్ఞప్తికి వచ్చినవి. ఆ రాతివాద్యములకు ప్రాణము వచ్చినచో అవియు నిట్లే మ్రోగునేమో! మా హిందూపురము శాసనసభ్యులు బాలకృష్ణగారు కనబడగానే, కుట్టుమిషను అక్కయ్య కుర్చీనుండి లేచి నిలిచినది.

మా ప్రక్కకుర్చీలో నొక తల్లియు, ఎనిమిదేండ్ల బాలుడును కూర్చుండిరి. బాలుడు తాళమునకు సరిగా చప్పట్లు కొట్టుచుండెను. వాని చేతిమీద దూది అంటించిన పట్టీ చూచి వదినగారు కారణమడిగిరి. “నిన్ననే రక్తమెక్కించినారమ్మా. అందుకే యీ హుషారు. ఇరువది దినములు గడచినచో మరల వాడిపోవును” అని యామె సామాన్యవిషయమువలె చెప్పెను. “నాకుగాని ఆయనకుగాని ఏ జబ్బును లేదు. మాది దగ్గరి సంబంధము” అనియు చెప్పెను. వదినగారు మరి పలుకలేదు. ఆ తరువాతి పాటలు ఆమె వినినట్లు నాకు తోచలేదు.

సోదరీమణులారా! ఈ వ్యాధిస్వరూపము మనము తెలిసికొనవలసినది. రక్తమునకు ఎరుపునిచ్చి ప్రాణవాయువును మోయు హిమోగ్లోబిన్ సరిగా తయారు కాకుండుటయే తలసేమియా. తీవ్రమైన రూపమునందు రెండు మొదలు నాలుగు వారములకొకమారు రక్తమెక్కింపవలెను. అట్లెక్కించిన రక్తమునందలి ఇనుము దేహములో పేరుకొని గుండెను, కాలేయమును చెరచును గనుక దానిని తొలగించు మందులును వాడవలెను. తల్లిదండ్రులలో నొక్కరే వాహకులైనచో బిడ్డకు ఈ తీవ్రవ్యాధి రాదు. ఇరువురును వాహకులైనచో ప్రతి కాన్పునందును నాల్గింట నొకపాలు భయమున్నది. వాహకులు చూచుటకు ఆరోగ్యవంతులే. కొందరికి కొలది రక్తహీనత మాత్రముండును. ఒకే వంశమువారు వివాహమాడునప్పుడు ఇరువురును వాహకులగుట కవకాశము హెచ్చు. హెచ్.బి.ఏ.2 అను రక్తపరీక్షతో ఈ సంగతి తెలిసిపోవును.

తిరుగురైలులో అర్ధరాత్రివేళ వదినగారు నన్ను తట్టి లేపి, “ఆ పరీక్ష ఎక్కడ చేయుదురు?” అనిరి. మరల తామే, “ముహూర్తము పెట్టుకొన్న తరువాత పిల్లకు పరీక్ష యన్నచో లోకము ఏమనును?” అని కన్నీరు పెట్టుకొనిరి. అప్పుడు మా అంగన్‌వాడి స్నేహితురాలు మంచి ఉపాయము చెప్పినది. “వదినా! ముందు నీ తమ్మునికి చేయింపుము. అతడు వాహకుడు కానిచో పిల్ల జోలికే పోనక్కరలేదు.”

ఆ తమ్ముడు బుద్ధిమంతుడు; అక్క మాట కాదనలేదు. పరీక్షలో అతడే వాహకుడని తేలినది! అట్లైనచో అక్కకును, అక్క కూతునకును అది సంక్రమించియుండవచ్చును. పిల్ల పరీక్షాఫలితము వచ్చువరకు వదినగారింట పొయ్యి సరిగా వెలుగలేదు. “సంబంధము తప్పినను తప్పనిమ్ము, ఆ బాలునివంటి బిడ్డ బాధ చూడలేను” అని యామె నిశ్చయము చేసికొనిరి. దైవానుగ్రహమున పిల్ల వాహకురాలు కాదు. వైశాఖమున వివాహము జరిగినది. ఆ రెండు పరీక్షాపత్రములును నేడు లగ్నపత్రికతోకూడ పసుపుపూసి పెట్టెలో భద్రముగా నున్నవి.

మేము నలుగురమును రక్తదానమునకై పోతిమి. పదునెనిమిదేండ్లు నిండి, 45 కిలోల బరువును, 12.5 గ్రాముల హిమోగ్లోబినును ఉన్నవారే యీయదగును. నాకును అక్కయ్యకును రక్తము చాలదని తిప్పిపంపిరి. ఇంటిల్లిపాదికి వడ్డించి, మిగిలినది తిను మన యాచారమునకు ఇంతకంటె సాక్ష్యమేమి కావలెను? స్త్రీలు నాలుగు మాసములకొకమారు ఈయవచ్చునట. ఆకుకూరలు, రాగిసంగటి, వైద్యులిచ్చిన మాత్రలు వాడి మరల పోవుదునని నేను మొక్కుకొంటిని. శిబిచక్రవర్తి దేహమునే కోసి యిచ్చెను. మనల నడుగునది తిరిగి ఊరెడి రక్తమే గదా!

మావారి ప్రశ్నకు ఇప్పుడు నా యుత్తరమిది. సొమ్ము మాత్రమే పంపియున్నచో సొమ్ము చేరియుండును. మేము ఆ తల్లి ప్రక్కన కూర్చుండియుండము. పాట మమ్ము పిలిచినది, ఆ బాలుడు మా కన్నులు తెరపించినాడు. వివాహమునకు జాతకములు చూచు తల్లులారా! ఆ దినముననే వరుని రక్తమును గూడ చూపింపుడు. మావారు ఈ లెక్కను ఒప్పుకొన్నారు.