చేతికి బెల్టు: పగలు దేనికి, రాత్రి దేనికి?

చిక్కబళ్లాపురం, బాగేపల్లి, చింతామణి వైపు చెయ్యి నొప్పికి ఒకే మాట ఉంది: ‘నరం పట్టేసిందన్నా.’ మందుల షాపులో అడిగేదీ ఒకటే: ‘చేతికి ఒక బెల్టు ఇవ్వన్నా.’ షాపతను సైజు చూసి ఇస్తాడు. రెండు వారాలు కట్టుకుని, గుణం కనబడక, దాన్ని మేకుకు తగిలిస్తాం. చాలాసార్లు తప్పు బెల్టుది కాదు. ఒక చోట కట్టాల్సింది ఇంకో చోట కట్టి ఉంటాం, రాత్రి కట్టాల్సింది పగలు కట్టి ఉంటాం.

మోచేయి నొప్పి, మణికట్టు నొప్పి అసలు ఎందుకు వస్తాయి?

వేళ్లను ఆడించే పెద్ద కండరాలు వేళ్లలో లేవు, ముంజేతిలో ఉన్నాయి. అక్కడి నుంచి తాళ్లలాంటి స్నాయువులు మణికట్టు దాటి వేళ్లకు వెళ్తాయి. పిడికిలి బిగించిన ప్రతిసారీ ఆ తాళ్లు లాగుతాయి. పొద్దున, సాయంత్రం పాలు పితకడం, కొడవలితో మల్బరీ కొమ్మలు కోయడం, చంద్రిక తట్టల నుంచి పట్టుగూళ్లు ఏరడం, టమాటా బాక్సులు ఎత్తడం, సంగటి గెలకడం... పని వేరైనా లాగే తాళ్లు అవే. మనం ‘నరం’ అనేది కొన్నిసార్లు నిజంగా నరమే, చాలాసార్లు ఈ తాడే. ఏదో తేల్చుకున్నాకే బెల్టు కొనాలి.

రాత్రి చెయ్యి తిమ్మిరెక్కి మెలకువ వస్తోంది. ఎందుకు?

మణికట్టు లోపల, అరచేతి వైపు, ఒక ఇరుకు సందు ఉంది. అందులోంచి తొమ్మిది స్నాయువులు, ఒక నరం వెళ్తాయి. స్నాయువుల చుట్టూ వాపు వస్తే నలిగేది నరమే. అప్పుడు బొటనవేలు, చూపుడువేలు, నడిమివేలు, ఉంగరపువేలిలో సగం తిమ్మిరెక్కుతాయి. చిటికెనవేలు బాగానే ఉంటుంది. దీన్ని డాక్టర్లు కార్పల్ టన్నెల్ సిండ్రోమ్ అంటారు. ఆడవాళ్లలో ఎక్కువ. గర్భంతో ఉన్నవాళ్లకు, షుగరు, థైరాయిడ్ లోపం ఉన్నవాళ్లకు ఇంకా ఎక్కువ.

మణికట్టు వంగితే ఆ సందులో ఒత్తిడి పెరుగుతుంది. నిద్రలో మనం చెయ్యి మడిచి, చెంప కింద పెట్టుకుంటాం. తిమ్మిరి రాత్రే ముదరడానికి ఒక ముఖ్య కారణం ఇది. కాబట్టి ఈ తిమ్మిరికి కట్టే మణికట్టు బెల్టు పగటికన్నా రాత్రికే ముఖ్యం. మణికట్టు వంగకుండా తిన్నగా ఉంచడమే దాని పని. షాపులో దొరికే బెల్టుల్లో అరచేతి వైపు ఒక లోహపు పట్టీ ఉంటుంది. చాలావాటిలో అది కొద్దిగా పైకి వంచి ఉంటుంది. దాన్ని బయటికి తీసి, దాదాపు తిన్నగా చేసి, మళ్లీ దూర్చాలి. ఆరు వారాలు రోజూ రాత్రి కట్టి చూడండి.

మోచేయి బయటి వైపు నొప్పి. చెంబు ఎత్తినా పట్టేస్తోంది. ఎలా?

దీని పేరు టెన్నిస్ ఎల్బో. 2004లో సచిన్ టెండూల్కర్‌ను ఆటకు దూరం చేసి, 2005లో లండన్‌లో ఆపరేషన్ దాకా తీసుకెళ్లింది ఇదే. అయితే ఈ నొప్పి వచ్చేవాళ్లలో ఎక్కువమంది ఎన్నడూ టెన్నిస్ ఆడినవాళ్లు కారు. మణికట్టును వెనక్కి ఎత్తే కండరం మోచేతి బయటి ఎముకను పట్టుకునే చోట, స్నాయువు అరిగి బలహీనపడుతుంది. అరచెయ్యి కిందికి పెట్టి బరువు ఎత్తితే నొప్పి ఎక్కువ, పైకి తిప్పి ఎత్తితే తక్కువ. పదిహేను కిలోల టమాటా బాక్సును పైనుంచి పట్టుకుని లాగేకన్నా, కింద చేతులు పెట్టి ఒంటికి దగ్గరగా ఎత్తమనేది అందుకే.

దీనికి సన్నటి పట్టీ చాలు. కానీ నొప్పి ఉన్న ఎముక మీద కట్టకూడదు. అక్కడి నుంచి చేతి వైపు రెండు వేళ్లు దిగి, కండ లావుగా ఉన్న చోట, మెత్త బయటి వైపు వచ్చేలా కట్టాలి. కండరం లాగిన లాగుడంతా ఎముక దాకా పోకుండా, కొంత పట్టీ దగ్గరే ఆగుతుంది. ఇది పనివేళ బెల్టు. పాలు పితికేటప్పుడు, బాక్సులు ఎత్తేటప్పుడు కట్టాలి, పడుకునే ముందు విప్పాలి. వేళ్లు తిమ్మిరెక్కేంత బిగిస్తే కొత్త కష్టం కొనుక్కున్నట్టే.

నొప్పి బొటనవేలి మొదట్లో అయితే?

బొటనవేలిని పిడికిలిలో మడిచి, మణికట్టును చిటికెనవేలి వైపు వంచండి. బొటనవేలి మొదట్లో చురుక్కుమంటే, దాన్ని కదిలించే రెండు స్నాయువుల తొడుగు వాచిందని అనుకోవచ్చు. స్విట్జర్లాండ్ సర్జన్ డి క్వెర్వెన్ దీన్ని 1895లో వర్ణించాడు. మాటిమాటికీ పసిబిడ్డను ఎత్తే తల్లుల్లో ఇది తరచూ కనిపిస్తుంది. బొటనవేలు మడిచి, కణుపుతో పొదుగు చన్నును నొక్కి పాలు పితికే అలవాటు కూడా ఆ వేలి మీద భారం వేస్తుంది. నిండు పిడికిలితో పితకడం ఆవుకూ మంచిదే, మనకూ మంచిదే. మామూలు మణికట్టు బెల్టు దీనికి చాలదు. బొటనవేలిని కూడా పట్టి ఉంచేది అడగాలి.

చిటికెనవేలు తిమ్మిరెక్కుతుంటే?

చిటికెనవేలికి వెళ్లే నరం వేరు, అది మోచేతి లోపలి ఎముక వెనక నుంచి పోతుంది. అక్కడ తగిలితేనే కరెంటు కొట్టినట్టు జిల్లుమంటుంది. మోచేయి ఎక్కువసేపు మడిస్తే అది నలుగుతుంది. దీనికి బెల్టే కొననక్కర్లేదు. రాత్రి మోచేయి పూర్తిగా మడవకుండా ఒక తువ్వాలు వదులుగా చుట్టుకుంటే సరిపోవచ్చు. ఫోను చెవికి పెట్టుకుని గంటలు మాట్లాడటం తగ్గించాలి.

కట్టు ఎన్ని రోజులు ఉంటే అంత మంచిది కాదా?

ఎముక విరిగితే వేసే పుత్తూరు కట్టు పేరు తెలియనివాళ్లు మన వైపు తక్కువ. విరిగిన ఎముక అతుక్కునేదాకా కదలకూడదు, కాబట్టి అక్కడ కట్టు ఉండాల్సిందే. స్నాయువు సంగతి వేరు. దానికి మొదట కాస్త విశ్రాంతి కావాలి, తర్వాత మెల్లగా బరువు అలవాటు కావాలి. రాత్రింబవళ్లు నెలల తరబడి బెల్టుతోనే ఉంటే కీలు బిగుసుకుంటుంది, కండ తగ్గుతుంది. టెన్నిస్ ఎల్బోకు బల్ల మీద ముంజెయ్యి ఆనించి, అరలీటరు నీళ్ల సీసా పట్టుకుని, రెండో చేతి సాయంతో మణికట్టు పైకి లేపి, మెల్లగా దించండి. రోజుకు పది, పదిహేనుసార్లు మొదలుపెట్టండి. చాలామందికి ఏడాదిలోపు నెమ్మదిస్తుంది. స్టెరాయిడ్ ఇంజెక్షన్‌తో వెంటనే హాయిగా ఉన్నా, ఏడాది తర్వాత చూస్తే అది వేయించుకోనివాళ్లే మెరుగ్గా ఉన్నారని పరిశోధనలు చెప్పాయి.

కట్టుకునేటప్పుడు ఏం చూసుకోవాలి?

గాజుల మీద బెల్టు బిగించకండి, తీసేసి కట్టండి. వాచిన వేలికి ఉంగరం వద్దు. తడిసిన బెల్టుతో ఉంటే చర్మం చెడుతుంది. పాల పని చేసేవాళ్లు రెండు పెట్టుకుని, ఒకటి ఉతికి ఆరేస్తే మేలు.

డాక్టరు దగ్గరికి ఎప్పుడు?

తిమ్మిరి పగలూ వదలకపోతే, గ్లాసులు చేజారుతుంటే, బొటనవేలి కింది కండ పలచబడితే ఆలస్యం వద్దు. నలిగిన నరం మళ్లీ పూర్తిగా కోలుకోకపోవచ్చు. కీలు ఎర్రబడి జ్వరం వచ్చినా అంతే. బండి మీద నుంచి పడి చెయ్యి ఆనించాక బొటనవేలి మొదట్లోని గుంటలో నొప్పి ఉంటే బెల్టు కట్టి ఊరుకోకండి. అక్కడి చిన్న ఎముక విరిగినా మొదటి ఎక్స్‌రేలో కనబడకపోవచ్చు. పది, పదిహేను రోజులకు మళ్లీ చూపించుకోవాలి. చిక్కబళ్లాపురం, బాగేపల్లి, చింతామణి మూడు ఊళ్లలోనూ సర్కారు ఆస్పత్రులు ఉన్నాయి.

ఈసారి షాపులో నిలబడినప్పుడు సైజుకన్నా ముందు రెండు సంగతులు చెప్పండి: ఏ వేలు తిమ్మిరెక్కుతోంది, నొప్పి పనివేళా నిద్రవేళా. బెల్టు రోగాన్ని తీసేయదు, నలిగే చోటుకు కొన్ని గంటలు తెరిపి ఇస్తుంది. మిగతాది పని పద్ధతి మార్చుకోవడంలో ఉంది.